చెవుల్లో బిరడాలు, చేతుల్లో మాటలు

నా జవాబు పత్రం మీద ఒక చెయ్యి వచ్చి ఆనింది. తలెత్తి చూశాను. ఇన్విజిలేటర్ పెదాలు కదులుతున్నాయి. చెవుల్లో బిరడాలు ఉన్నాయి కాబట్టి మాట వినపడలేదు గాని, ఏమంటున్నాడో అర్థమైంది. పెదాలు చూసి మాట పట్టుకోవడం మా ఇంట్లో అందరికీ వచ్చు. లేచి నిలబడమంటున్నాడు.

గోడ గడియారంలో పదకొండు ఇరవై ఐదు. ఒంటిగంటకి పరీక్ష అయిపోతుంది. డిగ్రీలో ఆఖరి పేపరు, గణితం. ఐదు లెక్కలు చెయ్యాలి. రెండు అయ్యాయి, మూడోదాని మధ్యలో ఉన్నాను.

బిరడాలు తీశాను. పక్క స్థలంలో కొత్త భవనానికి రాళ్ళు కోస్తున్న యంత్రం మోత ఒక్కసారిగా తలలోకి దూరింది. ఆ మోతలోనే ఆయన మాట వినిపించింది. పక్క వరుసలో, నాకంటే ఒక బల్ల వెనకగా కూర్చున్నావిడని కూడా లేవమంటున్నాడు. పెళ్ళయి, పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక మళ్ళీ చదువుకుంటున్నావిడ. నాకు ముఖపరిచయం తప్ప మాట పరిచయం లేదు.

"ఇరవై నిమిషాల నుంచి చూస్తున్నాను," అన్నాడాయన. "నువ్వు ఎడమ చేత్తో సైగలు చేస్తున్నావు. ఆవిడ చూసి రాసుకుంటోంది."

నేను నా ఎడమ చేతివైపు చూసుకున్నాను. అది బల్ల అంచు మీద, రెండు వేళ్ళు ఇంకా కలిపి నిలబెట్టి ఉంది. నాకు తెలియకుండానే.

ఇది అర్థం కావాలంటే మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. మా ఇంటికీ మరమగ్గాల షెడ్డుకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అవతల ముప్ఫై రెండు మగ్గాలు. అవి నడుస్తుంటే మా గోడకి తగిలించిన గరిటెలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, గ్లాసులో నీళ్ళు ముడతలు పడతాయి. మా అమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులో రెండు మగ్గాలు చూసుకుంటోంది. నాన్న అక్కడే బట్ట మడతపెట్టి కట్టలు కడతాడు. షెడ్డులో అరిచినా వినపడదు కాబట్టి అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. ఆకలేస్తోంది, కండెలో నూలు అయిపోయింది, నీ కూతురు గుమ్మంలో నిలబడింది, అన్నిటికీ సైగలున్నాయి. తిట్లకైతే మరీ ఎక్కువ. మా అమ్మ నోటితో తిడితే ఇట్టే మరిచిపోతాం, చేతులతో తిడితే వారం గుర్తుంటుంది.

పదో తరగతిలో నేను లెక్కల్లో రెండుసార్లు తప్పాను. ఇంట్లో ఆ మోతకి నా తలలో అంకె అంకె మీద నిలబడేది కాదు. అప్పుడు అమ్మ హెల్మెట్లూ చేతి తొడుగులూ అమ్మే దుకాణానికి వెళ్ళి, నారింజ రంగు స్పాంజి ఇయర్‌ప్లగ్గులు కొనుక్కొచ్చింది. వేళ్ళ మధ్య సన్నగా నలిపి చెవిలో పెట్టుకుంటే, అవి మెల్లగా ఉబ్బి దారి మూసేస్తాయి. అమ్మ వాటికి చెవి బిరడాలని పేరు పెట్టింది. ఇక ఇంట్లో ఇద్దరికి చెప్పినా వినపడదని నాన్న నవ్వాడు. ఒకరికి షెడ్డు పుణ్యమట, ఒకరికి బిరడా పుణ్యమట.

అప్పటినుంచి నేను చదువుకునేటప్పుడు అమ్మ నాతో షెడ్డు భాషలోనే మాట్లాడేది. ఐదో తరగతితో ఆగిపోయిన మనిషి, నా ఎదురుగా కూర్చుని పుస్తకంలో లెక్క మీద వేలు పెట్టేది. నేను పెన్నుతో చేస్తూ పోయేదాన్ని. ఆమెకి లెక్క తెలియదు గాని, నా పెన్ను ఎక్కడ తడబడుతుందో తెలిసేది. వెంటనే రెండు వేళ్ళు కలిపి నిలబెట్టి చటుక్కున విడదీసేది. పోగు తెగింది, ఆగి చూసుకో అని. తప్పు దిద్దుకున్నాక నేను బొటనవేలు చూపుడు వేలి చుట్టూ తిప్పి లాగేదాన్ని. ముడి వేశాను, మగ్గం నడుస్తోంది అని.

ఆరేళ్ళు అలా చదివాను. ఎదురుగా అమ్మ లేకపోయినా, చెవులు మూసుకుంటే నా ఎడమ చెయ్యి తనంతట తను మాట్లాడుతుందని ఆ రోజు పదకొండు ఇరవై ఐదు దాకా నాకు తెలియదు.

చీఫ్ సూపరింటెండెంట్ గది వరండా చివర ఉంది. ఆమెని అందరూ మేడమ్ అనే పిలుస్తారు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారినా పైకి నెట్టుకోని మనిషి. మొదటి రోజు నా ఇయర్‌ప్లగ్గులు చూసి, లాగి, వెలుతురులో పట్టుకుని, లోపల తీగ ఏదీ లేదని నమ్మాకే హాల్‌టికెట్ వెనక అనుమతి రాసి సంతకం పెట్టింది ఆమే. ఇప్పుడు అవే ప్లగ్గులు ఆమె బల్ల మీద తెల్ల కాగితం మీద పెట్టి ఉన్నాయి, దొరికిన దొంగ సొత్తులాగా.

ఇన్విజిలేటర్ తన చిన్న నోటుబుక్కు తీసి చదివాడు. కుర్రతనం ఇంకా పూర్తిగా పోని లెక్చరర్. శ్రద్ధగల మనిషని ఆ నోటుబుక్కు చూస్తే తెలుస్తోంది. పదకొండు ఐదుకి మొదటి సైగ, పదకొండు ఏడుకి రెండోది, ఇరవైకి మూడోది. ఏ వేలు ఎటు కదిలిందో కూడా రాసుకున్నాడు.

మేడమ్ పక్క వరుస ఆవిడని అడిగింది, చూశారా అని.

"చూశాను మేడమ్. చూడకేం చేస్తాను?" అందావిడ. "నాకు లెక్క రాక తల పట్టుకుని కూర్చుంటే, ఎదురుగా ఈ పిల్ల గాలిలో జడలల్లుతోంది. మంత్రం వేస్తోందేమో, నాకూ ఒకటి వేస్తే బాగుండుననుకున్నాను. అంతే."

మేడమ్ నవ్వలేదు. మా ఇద్దరి పత్రాలూ పక్కపక్కన పెట్టి తిప్పి చూసింది. ఆవిడ చేసిన లెక్కలు వేరు, నావి వేరు. ఆవిడని వెళ్ళి రాసుకోమంది గాని, బల్ల సొరుగులోంచి తీసిన ఫారంలో ఇద్దరి నంబర్లూ వేసింది. నా సంగతి తేలేదాకా ఆవిడ నంబరూ అందులోనే ఉంటుందని చెప్పింది. ఆవిడ గుమ్మం దాటుతూ నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేదు. కోపం కాదు. నా చేతిలో ఆవిడ ప్రాణం ఉన్నట్టు చూసింది.

ఆ ఫారం వెళ్తే ఏమవుతుందో మేడమ్ నాకు నెమ్మదిగా వివరించింది. ఈ ఏడాది రాసిన పేపర్లన్నీ రద్దు. మూడేళ్ళు మళ్ళీ పరీక్షకి కూర్చోనివ్వరు. మూడేళ్ళంటే నాకు తెలుసు. షెడ్డు మేస్త్రీ ఇప్పటికే రెండుసార్లు అడిగాడు, పిల్లని ఎప్పుడు పంపిస్తారని. డిగ్రీ చేతికి రానీ అని నాన్న దాటవేశాడు. ఇది పోతే దాటవెయ్యడానికి ఆయన దగ్గర ఇంకో మాట లేదు.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. షెడ్డు, సైగలు, పోగు తెగడం, అన్నీ. మా అమ్మ గేటు దగ్గరే కూర్చుని ఉంది, ఆమెని పిలిచి సార్ రాసుకున్న సైగలకి అర్థం అడగండి, నేను హాల్లో ఏం చేశానో ఆమెకి తెలియదు కదా అన్నాను.

ఇన్విజిలేటర్ అడ్డం వచ్చాడు. అవి ఉత్త అలవాటైతే వేరే మాట, నిజంగా భాషే అని తేలితే దానితో జవాబులు కూడా చెప్పవచ్చు కదా అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

మేడమ్ నన్నే చూస్తూ అడిగింది. "ఆలోచించుకో. మీ అమ్మ చెప్పేది నీకు నష్టం కూడా కావచ్చు. పిలవమంటావా?"

పిలవమన్నాను. అటెండర్ వెళ్ళాడు. అతని చెప్పుల చప్పుడు వరండాలో దూరమయ్యాక మూడో సైగ గుర్తొచ్చింది.

అరచేత్తో గడ్డం నిమిరి, బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించడం. షెడ్డులో ఎప్పుడో పనిచేసి వెళ్ళిపోయిన మేస్త్రీకి పొడుగు గడ్డం ఉండేదట. ఇప్పటి మేస్త్రీకి గడ్డం లేకపోయినా సైగ మిగిలిపోయింది. దాని అర్థం మేస్త్రీ వస్తున్నాడు, జాగ్రత్త అని. పదకొండు ఇరవైకి ఇన్విజిలేటర్ మా వరుసలోకి తిరిగి ఉంటాడు. నా చెయ్యి దానంతటదే ఆ మాట అనేసి ఉంటుంది. జాగ్రత్త అని ఒక సైగ చేశానంటే ఎవరికి చేశానంటారు? వెనక కూర్చున్నావిడకే కదా.

పిలవద్దనడానికి ఇక సమయం లేదు.

అమ్మ వచ్చింది. జుట్టులో దూది నుసి అలాగే ఉంది. నా కోసం షిఫ్టు మార్చుకుని, రాత్రి పనిలోంచి నేరుగా గేటు దగ్గరికి వచ్చేసిన మనిషి. గుమ్మంలోనే, కళ్ళు తిరిగాయా అని నన్ను అడిగింది. ఆమె మామూలు గొంతు ఆ గదికి రెండింతలు. పరీక్ష జరుగుతోంది, మెల్లగా మాట్లాడమని మేడమ్ చెప్పింది.

"మెల్లగానే మాట్లాడుతున్నానండీ," అంది అమ్మ, అదే గొంతుతో.

మేడమ్ ఆమెని తన ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. నన్ను అమ్మ వెనక, గోడకి ఆనించిన బల్ల మీద కూర్చోమంది, వెనక్కి తిరిగి చూడవద్దని అమ్మకి చెప్పింది. నా పక్కన ఇన్విజిలేటర్ నిలబడ్డాడు. కేసు సంగతి ఏమీ చెప్పకుండా, ఈ సార్ కొన్ని సైగలు చేస్తారు, అర్థం తెలిస్తే చెప్పండి అంది, అంతే.

ఆయన ముందుకి వెళ్ళి నోటుబుక్కు చూసుకుంటూ మొదటిది చేశాడు. రెండు వేళ్ళు కలిపి నిలబెట్టి విడదీశాడు.

"పోగు తెగింది," అంది అమ్మ. "పని ఆపి చూసుకోమని."

రెండోది చేశాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. "అలా కాదు బాబూ. అటు తిప్పితే ముడి జారిపోతుంది. ఇటు తిప్పి లాగాలి." ఆయన మళ్ళీ చేశాడు. "ఆ. ఇప్పుడు సరిగ్గా ఉంది. ముడి పడింది, మగ్గం నడుస్తోంది అని. నువ్వెక్కడ నేర్చుకున్నావు?"

మేడమ్ కాగితం మీద రాసుకుంది. నేను చెప్పిందీ అమ్మ చెప్పిందీ ఒకటే అయ్యాయి. గడియారం పన్నెండు దాటుతోంది.

ఇన్విజిలేటర్ గడ్డం నిమిరి, బొటనవేలు వెనక్కి చూపించాడు.

అమ్మ కళ్ళు బల్ల మీదికి దిగాయి. ఫారంలో ఏముందో చదవలేదు గాని, దాని పక్కన కాగితం మీద నారింజ రంగు బిరడాలున్నాయి. అవి ఎవరివో ఆమెకి తెలుసు. ఈ సైగలు ఎవరి చేతివో, ఎక్కడ చేసినవో ఆ క్షణంలో ఆమెకి తెలిసిపోయింది. వెనక నుంచి చూస్తున్న నాకు ఆమె భుజాలు బిగుసుకోవడం కనిపించింది.

మేడమ్ కుర్చీ వెనక అద్దాల బీరువా ఒకటి ఉంది. అమ్మ తలెత్తింది. అద్దంలో ఆమె ముఖం నాకు కనిపించింది. నేను ఆమెకి కనిపిస్తున్నాను. ఒళ్ళో పెట్టుకున్న నా రెండు చేతులూ కనిపిస్తున్నాయి.

మేడమ్ వీపు అద్దం వైపు ఉంది, ఆమె చూపు అమ్మ ముఖం మీదే ఉంది. ఇన్విజిలేటర్ నా పక్కకి వచ్చి నిలబడి నోటుబుక్కులో చూసుకుంటున్నాడు. అరచెయ్యి ఒక్కసారి బోర్లిస్తే చాలు. షెడ్డులో దానర్థం, తెలియదని చెప్పెయ్ అని. అమ్మ తెలియదంటుంది, మేడమ్ మూడోది వదిలేస్తుంది, మొదటి రెండూ నా పక్షానే ఉన్నాయి. నాతోపాటు పక్క వరుస ఆవిడా బయటపడుతుంది. ఎవరికీ నష్టం లేదు.

అమ్మ అద్దంలో నా చేతుల్నే చూస్తోంది. అడుగుతోంది.

నా ఎడమ చెయ్యి కదలబోయింది. నిజమే చెబుతున్నాను, కదలబోయింది. నేను చెయ్యలేదని ఇందాకటి నుంచి ఏ పని గురించి మొత్తుకుంటున్నానో, సరిగ్గా ఆ పని చెయ్యబోయింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

అమ్మ అద్దంలోంచి చూపు తిప్పుకుంది.

"మేస్త్రీ వస్తున్నాడు అని," అంది. "జాగ్రత్తపడమని."

మేడమ్ పెన్ను ఆగిపోయింది. ఎవరిని జాగ్రత్తపడమని అని అడిగింది.

"ఎవర్నని ఏముందండీ. ముందు చూసినవాళ్ళ చెయ్యి లేస్తుంది, అంతే. ఎదురుగా మనిషి ఉన్నాడా లేడా అని చూసుకోం. ఇంట్లో వాళ్ళ నాన్న గుమ్మంలోకి వచ్చినా నా చెయ్యి అదే అంటుంది. ఇరవై ఏళ్ళ నుంచి ఆయనకి కోపమే." అమ్మ కళ్ళు మళ్ళీ బిరడాల మీదికి వెళ్ళాయి. ఈసారి నిజంగానే గొంతు తగ్గింది. "మా పిల్ల చేసిందాండీ?"

మేడమ్ ఫారం వైపు చూసింది. నేను ఆమె చేతినే చూస్తున్నాను. ఆ పెన్ను ఎటు వెళ్తే అటు నేనూ పక్క వరుస ఆవిడా వెళ్ళాలి.

అప్పుడు ఇన్విజిలేటర్ గొంతు సవరించుకున్నాడు. మేడమ్ వెనక బీరువా అద్దంలో ఈ అమ్మాయి చేతులు వాళ్ళమ్మకి కనిపిస్తున్నాయని చెప్పాడు. ఆ సంగతి తను ఇప్పుడే గమనించానన్నాడు.

"మూడోదానికి ముందు ఆమె అద్దంలో చూసింది మేడమ్. ఈ అమ్మాయి చేతులు కింద పెట్టుకుని కూర్చుంది."

మేడమ్ వెనక్కి తిరిగి బీరువా వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేనింకా చేతుల మీదే కూర్చుని ఉన్నాను. అవి తిమ్మిరెక్కాయి.

ఫారాన్ని ఆమె చింపలేదు. ఇద్దరి నంబర్ల మీదుగా నిలువుగా ఒక గీతతో కొట్టేసి, వెనక నాలుగు వాక్యాలు రాసి, ఇన్విజిలేటర్ చేత సంతకం పెట్టించింది. ఇయర్‌ప్లగ్గుల అనుమతి రద్దు చేస్తున్నానంది. మొదటి బల్లకి మారమంది. పోయిన సమయం తిరిగి ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవంది. "యాభై నిమిషాలున్నాయి. వెళ్ళు," అంది. నేను థాంక్స్ చెప్పబోతే, చేతులు ముందు బయటికి తియ్యమంది.

హాల్లోకి వెళ్తూ పక్క వరుస ఆవిడకి తల ఊపాను, అంతా సర్దుకుందన్నట్టు. తల ఊపడం కూడా సైగే కదా అని మరుక్షణం తల దించుకున్నాను. ఇన్విజిలేటర్ చూశాడు, చూసి మొదటి బల్ల వైపు దారి చూపించాడు.

మొదటి పది నిమిషాలు ఒక్క అంకె సాగలేదు. మొదటి బల్ల కిటికీ పక్కనే. యంత్రం రాయిలోకి దిగేటప్పుడు మోత బొంగురుపోతుంది, బయటికి వచ్చేటప్పుడు కీచుమంటుంది. ప్రతి కీచుకీ నా లెక్క తెగిపోతోంది. ఎడమ చేతిని తొడ కింద పెట్టుకున్నాను. అది అక్కడే రెండు వేళ్ళు కలిపి కొట్టుకుంటోంది.

నేను బిరడాలు మొదలుపెట్టిన కొత్తలో, నువ్వూ పెట్టుకోరాదా అని అమ్మని అడిగాను. మగ్గం ఏమంటోందో వినాలి కదా అంది. అంత మోతలో ఏం వినపడుతుందంటే, ముప్ఫై రెండింటిలో తన రెండు మగ్గాల చప్పుడే తనకి వినపడుతుందనీ, మిగతావి ఉన్నా లేనట్టేననీ చెప్పింది. గొప్పకి అంటోందనుకున్నాను అప్పుడు.

పెన్ను మొన కాగితం మీద చేసే చప్పుడు వినడానికి ప్రయత్నించాను. ముందు ఏమీ వినపడలేదు. కాసేపటికి గీత లాగినప్పుడు ఒక చిన్న గీరుడు తెలిసింది. సున్నా చుట్టినప్పుడు ఇంకో రకం. దాన్నే పట్టుకుని మూడో లెక్క ముగించాను, నాలుగోది చేశాను. పూర్తిగా కుదిరిందని చెప్పను. మధ్యలో రెండుసార్లు యంత్రం గెలిచింది. ఐదో లెక్క సగంలో ఉండగా గంట కొట్టారు.

ఆ పేపర్లో నాకు నలభై ఏడు వచ్చాయి. మిగతా ఏ పేపర్లోనూ అంత తక్కువ రాలేదు. నలభై వస్తే పాస్. మా ఇంట్లో మొదటి డిగ్రీకి ఆ ఏడు మార్కులే మిగులు.

కానీ ఆ మధ్యాహ్నం అవేవీ తెలియవు. హాల్లోంచి బయటికి వచ్చేసరికి గేటు నిండా జనం. ఆ జనానికి అవతల, రోడ్డు దాటాక, అమ్మ నిలబడి ఉంది. నన్ను చూడగానే రెండు వేళ్ళు కలిపి నిలబెట్టి, విడదీయకుండా అలాగే పట్టుకుంది. తెగిందా అని అడుగుతోంది.

నా చెయ్యి లేవలేదు. గేటు స్తంభం పక్కన ఇన్విజిలేటర్ నోటుబుక్కు చేత్తో పట్టుకుని నిలబడి, నన్నే చూస్తున్నాడు.

పరీక్ష అయిపోయింది కదా అని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది. చెయ్యెత్తాను. బొటనవేలు చూపుడు వేలి చుట్టూ, సరైన వైపుకే, తిప్పి లాగాను.

అమ్మ చేతులు దించి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఇన్విజిలేటర్ వైపు చూశాను. ఆయన నన్నేమీ అడగలేదు. అర్థం ఆయన నోటుబుక్కులోనే ఉంది.